మాస్టారి గమకం

జూన్ 9, ఆదివారం

డైరీ ముట్టుకుని ఏళ్లయింది. ఇవాళ జరిగింది ఎవరికీ చెప్పుకునేది కాదు కనుక మళ్లీ తీశాను.

సాయంత్రం గోదావరి గట్టు మీది హాల్లో నాకు సన్మానం చేశారు. శాలువా కప్పిన పెద్దమనిషి నన్ను "గిటార్ భాస్కర్రావుగారు" అన్నాడు. భాస్కరం, భాస్కర్రావు కాదని మైకులోనే దిద్దాను. హాలంతా నవ్వింది, ఆయన తప్ప. ఆ తర్వాత మాట్లాడినవాళ్లందరిదీ ఒకటే ముక్క. చిన్నప్పుడు లగ్జరీ బస్సుల్లో మీ కేసెట్లే వినేవాళ్లమండి అని. వినలేదు. ఆ బస్సుల్లో వీళ్లంతా నోరు తెరుచుకుని నిద్రపోయారు. నేను పక్కన మోగాను, అంతే. మా ఆవిడ సీతారామలక్ష్మి ముందు వరసలో పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ఆయనగారి భార్య కూడా రావాలి అని స్టేజి మీదికి పిలుస్తారని ఆవిడ ఆశ. ఎవరూ పిలవలేదు.

చివర్లో వాయించమన్నారు. గిటార్ ఒళ్లో పడుకోబెట్టుకుని, ఎడమచేతిలో స్టీలు కడ్డీ పట్టుకుని తీగల మీద ఆన్చాను. చెయ్యి వణికింది.

కొన్నాళ్లుగా కాఫీ గ్లాసు దగ్గర వణుకుతోంది. తీగ మీద వణకడం ఇదే మొదటిసారి. మా గిటార్‌కి మెట్లు నొక్కడం ఉండదు, కడ్డీ జారిస్తే స్వరం పలుకుతుంది. చెయ్యి ఎలా కదిలితే పాట అలా కదులుతుంది, దాచుకోవడానికి లేదు. ఆపేసి గొంతులో ఏదో అడ్డం పడిందని చెబుదామా అనుకున్నాను. గిటారిస్టుకి గొంతుతో పనేముంది. తలెత్తి చూస్తే ముందు వరసలో ఒకావిడ కొంగుతో కళ్లు ఒత్తుకుంటోంది. ఆపలేదు. సాగదీసిన ప్రతి స్వరమూ వణికింది, వణికిన ప్రతిసారీ హాలు ఇంకాస్త నిశ్శబ్దమైపోయింది.

అయిపోయాక రిటైరైన వీణ మాస్టారొకాయన స్టేజి ఎక్కి నా చేతులు పట్టుకున్నాడు.

"భాస్కరంగారూ, మీ కేసెట్లన్నీ విన్నానండి. శుభ్రంగా ఉండేవి, అంతే. ఈ గమకం ఎప్పుడు పట్టారండీ?"

"సాధనండి" అన్నాను.

జూన్ 10

వణుకు కాదు. సాధనే.

జూన్ 14, శుక్రవారం

వీరదుర్గ నిన్నటి నుంచి ముఖం ముడుచుకుని తిరుగుతోంది. ఇవాళ బయటపడింది.

"మూడేళ్లయిందండి మీ దగ్గర చేరి. ఆ గమకం నాకు చెప్పలేదండి మాస్టారూ."

సన్మానం రోజు నా పాటని ఫోన్లో తీసి నెట్‌లో పెట్టింది ఈ పిల్లే. జనం తెగ చూస్తున్నారట. ధవళేశ్వరం నుంచి సిటీ బస్సెక్కి వస్తుంది. తండ్రి బ్యాండుమేళంలో క్లారినెట్ ఊదుతాడు. డిగ్రీ అయింది, పెళ్లి చేస్తామంటే వద్దని గిటార్ పట్టుకుని కూర్చుంది. సినిమా పాటలకి వాయించాలని కోరిక. చెయ్యి చాలా శుభ్రం. కడ్డీ ఆన్చిన చోట గీత గీసినట్టు స్వరం పలుకుతుంది. మద్రాసులో నాకున్న చెయ్యి అది. ఆ పిల్ల వాయిస్తుంటే నేను కిటికీలోంచి బయటకి చూస్తూ ఉంటాను. బాగుందని ఎప్పుడూ అనలేదు. అంటే చెడిపోతారు.

"ఇంకా టైముంది" అని పంపించేశాను.

జూన్ 18, మంగళవారం

హైదరాబాద్ నుంచి శివరామకృష్ణ అనే ఆయన ఫోన్ చేశాడు. పాటలు తీసే కంపెనీ అట. నా పాత కేసెట్లలోని ఆరు పాటలు నా చేతే మళ్లీ వాయింపించి రికార్డు చేస్తారట. నేను అంత దూరం రానక్కర్లేదు, ఇక్కడే డేనియల్ స్టూడియోలో పెట్టుకుందామన్నాడు. డేనియల్ క్రైస్తవ గీతాలు రికార్డు చేస్తాడు, మంచి మైకులున్నాయి.

"కాకపోతే సార్, ఆ వీడియోలో ఉన్నట్టు కావాలండి. పాత కేసెట్ మరీ సాపుగా ఉంది."

సాపుగా! ఆ సాపుతనంతోనే మద్రాసులో అన్నం తిన్నాను. పాడేవాళ్లు తప్పితే మళ్లీ పాడించేవారు. గిటార్ తప్పితే గిటారిస్టుని మార్చేవారు. నేను తప్పలేదు కనుక పొద్దున్న ఒక స్టూడియో, సాయంత్రం ఇంకో స్టూడియో. ఎన్ని పాటల్లో ఉన్నానో నాకే తెలియదు. ఒక్క సినిమాలోనూ తెర మీద నా పేరు పడలేదు. ఆ తర్వాత కేసెట్ల కంపెనీవాళ్లు పిలిచి, పాడేవాళ్లు లేకుండా గిటారే పాడాలన్నారు. నాకంటే ముందు ఎవరో తెలుగు రానివాడితో వాయింపిస్తే వాడు మాటని సగంలో విరిచాడు. నేను సాహిత్యం కాగితం ఎదురుగా పెట్టుకుని, ఒక్కొక్క మాటా నోట్లో అనుకుంటూ తీగ మీద పలికించాను. కేసెట్ అట్ట మీద మొదటిసారి నా పేరు చూసుకున్నాను. కొన్నేళ్లు తెలుగునాట ఏ పెళ్లి భోజనాలు చూసినా, ఏ సినిమా హాల్లో తెర లేచినా నేనే.

ఆ తర్వాత కీబోర్డు వచ్చింది. దాంట్లో గిటార్ అని ఒక మీట. దాన్ని నొక్కిన కుర్రాడు నా వైపు తల కూడా తిప్పలేదు. నేను గిటార్ పెట్టెలో పెట్టుకుని రాజమండ్రి రైలెక్కాను.

ఇన్నేళ్లకి మళ్లీ మైకు. ఈ రికార్డు నా చేత్తోనే రావాలి. ఇంకేదీ అక్కర్లేదు నాకు.

జూన్ 24, సోమవారం

సీత పోరు పడలేక నరాల డాక్టరు దగ్గరికి వెళ్లాను. పేరు శరత్‌చంద్ర. నా కొడుకు వయసు ఉంటుంది, నాకు కొడుకుల్లేరు కనుక గౌరవంగా మాట్లాడాను. బయట కుర్చీల్లో కూర్చుని ఉంటే పైన స్పీకర్లో నా కేసెట్టే మోగుతోంది. ఇది ఎవరిదమ్మా అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను.

"ఏదో మ్యూజిక్కండి. పేషెంట్లు గోల చెయ్యకుండా ఉంటారని పెడతామండి."

డాక్టరు నన్ను నడిపించాడు, వేళ్లు ఆడించమన్నాడు, ఒక వాక్యం రాయమన్నాడు. పార్కిన్సన్స్ అన్నాడు. మాత్రలు వాడితే చాలాకాలం బాగానే ఉంటారని ధైర్యం చెప్పాడు.

"ఒక్కటే జాగ్రత్తండి. బాగుంది కదా అనో, బాగాలేదు కదా అనో మీ అంతట మీరు మానెయ్యకండి. ఒక్కసారిగా మానేస్తే ఒళ్లు బిగుసుకుపోతుంది. చెయ్యి కదలమన్నా కదలదు."

ఆటోలో సీత ఏడ్చింది. ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నాడు. ఆవిడ ముక్కు చీదుతుంటే నాకు చిరాకేసింది. జబ్బు నాది, ప్రదర్శన ఆవిడది.

జూలై 3, బుధవారం

మాత్రలు పనిచేస్తున్నాయి. గ్లాసులో కాఫీ తొణకడం లేదు. సీత దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

గిటార్ తీశాను. వణుకు లేదు. పాట కూడా లేదు. సాపుగా, చచ్చినట్టు పడి ఉంది. మద్రాసు రోజుల్లో సాపుగా ఉన్నా అందులో చురుకుండేది. ఇప్పుడు చురుకూ లేదు, వణుకూ లేదు. నమూనాగా ఒక పల్లవి వాయించి శివరామకృష్ణకి పంపించాను. గంటలో ఫోన్ వచ్చింది.

"సార్, ఆ వీడియోలో ఉన్నది ఇందులో లేదండి. ఒంట్లో బాగాలేదా?"

ఒంట్లో బాగుందిరా నాయనా, అదే వచ్చిన తంటా. చాలాసేపు నవ్వుకున్నాను. సీత వచ్చి ఏంటండీ అంటే ఏం లేదన్నాను.

జూలై 4

మాత్ర చేదుగా ఉంది.

జూలై 12, శుక్రవారం

సీత మాత్ర చేతికివ్వదు. తనే నా నోట్లో వేసి, నీళ్లు తాగేదాకా నిలబడుతుంది. నాలుక కింద పెట్టుకుంటాను. ఆవిడ వంటింట్లోకి వెళ్లగానే వాష్‌బేసిన్లో ఉమ్మేసి కుళాయి తిప్పుతాను.

వణుకు తిరిగొచ్చింది. నిన్న ఒక చరణం పంపించాను. "అదీ సార్! ఇదే కావాలి నాకు" అన్నాడు శివరామకృష్ణ. ఆగస్టులో రికార్డింగ్.

మాత్రలు పనిచెయ్యడం మానేశాయని సీతకి దిగులు. డాక్టరుకి ఫోన్ చేస్తే మోతాదు పెంచాడట. శనివారాలు ఉపవాసం మొదలుపెట్టింది. ఉండనీ. ఆవిడ ఒంటికీ మంచిదే.

జూలై 21, ఆదివారం

గురుపూర్ణిమ. వీరదుర్గ పంచెల చాపు, పళ్లు తెచ్చి దణ్ణం పెట్టింది. ఆ సంబరం పండగది కాదని చూడగానే తెలిసిపోయింది.

"మాస్టారూ, హైదరాబాద్ నుంచి శివరామకృష్ణగారు నాకూ ఫోన్ చేశారండి. రికార్డింగ్‌కి నన్నూ రమ్మన్నారు. మీరు అలిసిపోతే మధ్యలో చిన్న చిన్న బిట్లు నేను వాయించాలంటండి. బాగా చేస్తే హైదరాబాద్‌లో సినిమా పాటలకి కూడా తీసుకుంటానన్నారండి."

"నేను అలిసిపోతానని ఆయనకెవరు చెప్పారు?"

"అయ్యో, నేను కాదండి."

నా ఒళ్లు మండిపోయింది. నా రికార్డులో ఇంకో చెయ్యా? అది కూడా ఈ చెయ్యా? ఇది సాపుగా ఒక్క బిట్టు వాయిస్తే పక్కన నాది ఎలా వినిపిస్తుందో నాకు తెలుసు. మద్రాసులో నా పక్కన ముసలివాళ్లది ఎలా వినిపించేదో విన్నాను నేను.

"కూర్చో. ఇవాళ నీకు గమకం చెప్తాను" అన్నాను.

పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి.

నాకు మా గురువు నేర్పినట్టే నేర్పాను, చెయ్యి మీద చెయ్యి వేసి. కడ్డీ ఆ పిల్ల పట్టుకుంది, ఆ చేతి మీద నా చెయ్యి పెట్టాను. పలక మీద అఆలు దిద్దించినట్టే. నా వణుకు ఆ చేతిలోకి దిగి తీగ మీద పలికింది.

"ఇలాగేనా మాస్టారూ? లెక్క అందట్లేదండి."

"లెక్క లేదు. నీ చెయ్యి వదిలెయ్. నా చెయ్యి ఏం చెబుతుందో అది విను."

సీత వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. పిల్ల వెళ్లిపోయాక అడిగింది.

"ఏం నేర్పుతున్నారండీ దానికి?"

"విద్య."

"అది మీ జబ్బు కాదూ?"

"నీకు సంగీతం ఏం తెలుసని" అన్నాను. నలభై ఏళ్లుగా ఈ మాటతోనే ఆవిడ నోరు మూతపడుతుంది. ఇవాళ కూడా పడింది.

జూలై 29, సోమవారం

వీరదుర్గ పొద్దున్నే వస్తోంది, సాయంత్రం దాకా సాధన చేయిస్తున్నాను. సాపుగా వాయిస్తే చేతి మీద కొడుతున్నాను. గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి, ధవళేశ్వరంలో వరద హెచ్చరిక ఇచ్చారట, అయినా వస్తోంది. శ్రద్ధ ఉంది. తెలివి తక్కువ.

నిన్నటికంటే అక్షరాలు చిన్నవిగా పడుతున్నాయి. ఈ పెన్ను మార్చాలి.

ఆగస్టు 6, మంగళవారం

వీరదుర్గకి గమకం పట్టుబడింది. ఇప్పుడు వద్దనుకున్నా పోవడం లేదు. తండ్రి బ్యాండులో వాయించే ఏదో పెళ్లి పాట సరదాగా వాయించబోతే దాంట్లోనూ వణికింది. భయంగా నా ముఖం చూసింది. "అది మంచి గుర్తు. చేతికి ఎక్కిందన్నమాట" అన్నాను. దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

ఇక్కడ రాస్తే ఎవరు చూస్తారు. నాకు సంతోషంగా ఉంది. ఆ శుభ్రమైన చెయ్యి ఇక లేదు. ఇక మీదట నాలాగే వాయిస్తుంది, నాకంటే ఒక మెట్టు తక్కువగా వాయిస్తుంది.

కాదు. ఎవరి దగ్గరా లేని సొత్తు ఇచ్చాను దానికి. ఇంకొకడైతే దాచుకునేవాడు.

ఆగస్టు 11, ఆదివారం

బాత్‌రూమ్‌లో వెనక్కి తిరగడానికి చాలాసేపు పట్టింది. కాళ్లు నేలకి అతుక్కున్నాయి. టైల్స్ నున్నగా ఉన్నాయి, మార్పించాలి.

సీతకి వాష్‌బేసిన్ జాలీలో సగం కరిగిన మాత్ర దొరికింది. అరచేతిలో పెట్టుకుని వచ్చి నా ఎదురుగా కింద కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచండీ?"

నేను పేపరు చదువుతున్నాను.

"మాత్రలు పనిచెయ్యట్లేదని దేవుడి ముందు కూర్చుని ఏడుస్తుంటే, మీరు చూస్తూ కూర్చున్నారా?"

"రికార్డింగ్ కానీ. తర్వాత గుప్పెడు మింగుతాను."

"ఇప్పుడే డాక్టరుగారికి ఫోన్ చేస్తాను."

"చెయ్. ఈ పూట నుంచి అన్నం కూడా మానేస్తాను. నీ ఇష్టం."

ఆవిడ చేతిలో ఫోన్ ఉంది. నొక్కలేదు. మెల్లగా బల్ల మీద పెట్టి, లేచి వెళ్లి కూర తిరగమోత పెట్టింది. సీతని ఎక్కడ పట్టుకుంటే ఆగుతుందో నాకు బాగా తెలుసు. నన్ను పోగొట్టుకోవడం ఒక్కటే ఆవిడ భయం.

ఆగస్టు 31, శనివారం

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ఇదే రాయడం. పట్టుబట్టి రాస్తున్నాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

ఇరవయ్యో తారీఖున రికార్డింగ్. గాజు అద్దం అవతల డేనియల్, పక్కన శివరామకృష్ణ. వీరదుర్గ మూల కుర్చీలో తన గిటార్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకోగానే మద్రాసు వాసన వచ్చినట్టనిపించింది. నాకు ఏడుపొచ్చింది, ఆపుకున్నాను. పల్లవి అద్భుతంగా వచ్చింది. అద్దంలోంచి చూస్తే శివరామకృష్ణ కళ్లు మూసుకుని ఉన్నాడు.

చరణంలో కింది నుంచి పైకి ఒక పొడుగాటి జారు ఉంది. జరగమన్నాను. చెయ్యి జరగలేదు. కడ్డీ ఉన్నచోటే ఉండిపోయింది. కుడిచెయ్యి మాత్రం మీటుతూనే ఉంది, అదే స్వరం, అదే స్వరం.

"మాస్టారూ? ముందుకెళ్లండి మాస్టారూ" అంటున్నాడు డేనియల్ హెడ్‌ఫోన్లో.

మెడ తిప్పుదామంటే తిరగలేదు. నోరు తెరుద్దామంటే తెరుచుకోలేదు. వీరదుర్గ పరిగెత్తుకొచ్చి నా వేళ్లు ఒక్కొక్కటే విప్పదీసి కడ్డీ తీసింది. తలుపు దగ్గర శివరామకృష్ణ గొంతు వినిపించింది. ఒళ్లు బిగుసుకుంటే చెవులు కూడా బిగుసుకుంటాయనుకున్నాడు కాబోలు.

"సార్‌ని ఆసుపత్రికి పంపించండి. ఇవాళ కాకపోతే నాకు మళ్లీ కుదరదు. అమ్మాయి ఉందిగా."

"మాస్టారితో వెళ్తానండి" అంది వీరదుర్గ.

"వెళ్లి నువ్వేం చేస్తావమ్మా? డాక్టరువా?"

నన్ను కుర్చీతో సహా మోసుకెళ్లి డేనియల్ కారులో పడేశారు. కారు కదిలే లోపల స్టూడియోలోంచి గిటార్ శృతి చేస్తున్న చప్పుడు వినిపించింది.

సెప్టెంబర్ 15, ఆదివారం

రికార్డు వచ్చింది. అట్ట మీద నా పాత ఫోటో, కింద 'భాస్కరం గిటార్'. ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. వీణ మాస్టారు ఫోన్లోనే ఏడ్చాడు. ఈ వయసులో ఈ గమకమా అని.

రోజంతా విన్నాను. నాదే. మొదటి పాటయితే పూర్తిగా నాదే.

"అందులో మీరు లేరండీ. మీ పల్లవి కూడా తీసేసి, మళ్లీ దుర్గ చేత వాయింపించారట. డేనియల్ చెప్పాడు" అంది సీత.

"ఆ గమకం విను. ఎవరిదది?"

"మీదే. అందుకే వినలేకపోతున్నాను."

ఇప్పుడు మాత్ర వేశాక సీత నోరు తెరిపించి నాలుక కింద కూడా చూస్తుంది. చెయ్యి వణకడం లేదు. కడ్డీ ఎత్తితే జారిపోతోంది.

సెప్టెంబర్ 28, శనివారం

హైదరాబాద్ వెళ్లిన వీరదుర్గ తిరిగొచ్చిందట. సీతకి ఫోన్ చేసి ఏడ్చింది. శివరామకృష్ణ ఒక సినిమా పాటకి పిలిచాడు. గాయని వెనకాల చిన్న బిట్టు, సాపుగా కావాలన్నారు. సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. ప్రతి స్వరమూ వణికింది. ఎందుకమ్మా అలా వణికిస్తావు, ముసలివాళ్లలాగా అని మ్యూజిక్ డైరెక్టర్ అందరి ముందూ అన్నాడట. చెయ్యి బాగుచేసుకుని దసరాకి రా, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానని శివరామకృష్ణ పంపించేశాడు.

"రేపు వస్తానంది. అది విద్య కాదు, జబ్బు అని ఒక్క మాట చెప్పండి. చిన్నపిల్ల, మార్చుకుంటుంది. ఎందుకొచ్చిందో తెలియక, తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతోందండీ."

"చెప్పను."

"అయితే నేను చెప్తాను." నలభై ఏళ్లలో మొదటిసారి ఆవిడ గొంతు పెరిగింది.

"చెప్పు. ఆ రోజు నుంచి మాత్ర మింగను. నీ కళ్లెదుటే కొయ్యలా బిగుసుకుపోతాను. ఆసుపత్రికి తీసుకెళ్లినా నోరు తెరవను."

"అంత పనీ చేస్తారా?"

"చేశానుగా."

సెప్టెంబర్ 29, ఆదివారం

వచ్చింది. పొద్దున్న ఫలహారాలయ్యాక నా మాత్ర వేళకే వచ్చింది. మనిషి నలిగిపోయింది. గిటార్ తీసి ఒకే స్వరం వాయించి వినిపించింది. వణికింది. ఆపాలని పళ్లు బిగబట్టి ఇంకోసారి వాయించింది. ఇంకా ఎక్కువ వణికింది.

"దీన్ని ఆపడం ఎలాగండి మాస్టారూ? ఆపితే తీసుకుంటారంటండి. ఇంట్లో నాన్న కూడా ఇక చాలు, మానెయ్యమంటున్నారండి."

నేను వినడం తప్ప ఏమీ చెయ్యలేకపోయాను. అచ్చంగా నాదే. నా చేతిలో ఇప్పుడు లేనిది ఆ తీగ మీద బతికి ఉంది. చెయ్యి తీగ మీద ఊరికే ఆన్చి ఉంచడం కొన్నాళ్లు సాధన చెయ్, అది నా రోగం తల్లీ అంటే చాలు, దసరాకల్లా సగం పోతుంది. అది పోతే నేనెక్కడ ఉంటాను? ఆసుపత్రి స్పీకర్లో. పేరు లేకుండా.

"ఎందుకు ఆపాలి? వాళ్లకి చెవుల్లేవు. రికార్డు విని ఊరూరా ఏడుస్తున్నారా లేదా? అది ఎవరి చెయ్యి?"

"మీ పేరు మీద కదండీ వచ్చింది."

"నా పేరైనా నీ పేరైనా ఒకటే. ఆ గమకం వదిలావంటే నా శిష్యురాలివి కాదు."

"మరి ఉద్యోగం అండి?"

"సాపుగా వాయించేవాళ్లు వీధికొకరు. వాళ్లలో కలుస్తావా?"

తల వంచుకుంది. కన్నీళ్లు గిటార్ మీద పడుతుంటే చున్నీతో తుడుస్తోంది. కాసేపటికి తలెత్తి నన్ను కాదు, గుమ్మంలో ఉన్న సీతని చూసింది.

"అమ్మగారూ, మీరు చెప్పండి. నాకేం తోచట్లేదండి. ఆపడానికి ప్రయత్నం చెయ్యనా, మాస్టారు చెప్పినట్టు ఉంచేసుకోనా? మీరెలా అంటే అలా చేస్తానండి. ఒట్టు."

సీత ఒక చేతిలో నీళ్ల గ్లాసు, రెండో చేతిలో మాత్ర పట్టుకుని నిలబడి ఉంది. పిల్ల వైపు ఒకడుగు వేసింది. పెదవులు కదిలాయి. చెప్పేస్తుందనే అనుకున్నాను.

నా వైపు చూసింది. నేను నోరు గట్టిగా బిగించాను, దవడ నొప్పి పుట్టేలాగా.

"అమ్మగారూ?"

సీత పిల్ల వైపు వేసిన అడుగు వెనక్కి తీసుకుంది.

"మాస్టారు చెప్పినట్టే చెయ్యమ్మా" అంది.

"ఆయ్, అలాగేనండి" అంది పిల్ల. కళ్లు తుడుచుకుని, గిటార్ పెట్టెలో పెట్టుకుని, ఇద్దరి కాళ్లకీ దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

వీధి తలుపు పడిన చప్పుడయ్యాక నోరు తెరిచాను.